పొట్టి స్కిన్ స్కీలు ఎలా ఎంచుకోవాలి: బూటుతో మొదలుపెట్టి, స్కీతో ముగించండి

సియాటిల్, డెన్వర్, మినియాపొలిస్, టొరంటో, ఫిన్లాండ్‌లోని ఎస్పో. ఎక్కడున్నా మంచు పడగానే మనవాళ్ళ నుంచి వచ్చే ప్రశ్న ఒకటే. "స్నోషూలతో (మంచులో దిగిపోకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) నడిచి నడిచి విసుగొచ్చింది. స్కీయింగ్ నేర్చుకునే ఓపిక లేదు. ఈ రెండిటికీ మధ్యలో ఏమైనా ఉందా?"

ఉంది. 125 నుంచి 147 సెంటీమీటర్ల పొడవు, నడుము దగ్గర, అంటే మధ్యలో సన్నగా ఉండే చోట, 110 మిల్లీమీటర్లు లేదా అంతకంటే కొంచెం ఎక్కువ వెడల్పు, అడుగున మధ్యభాగంలో శాశ్వతంగా అతికించిన స్కిన్ ఉండే పొట్టి స్కీలు. ఆల్టాయ్ కంపెనీ హోక్ (125, 145), ఫిన్లాండ్ కంపెనీ ఓఏసీ తెచ్చిన ఈఏ 127, కార్ 147 ఈ కోవలోవే. ఫిన్లాండ్‌లో వీటిని "లియుకులుమికెంగాత్" అంటారు, అంటే జారే స్నోషూలు. ఈ వస్తువు ఏమిటో ఆ పేరే చెబుతుంది. ఇది స్కీగా మారిన స్నోషూ.

స్కిన్ అంటే ఇప్పుడు తోలు కాదు. నైలాన్‌తోనో, మోహెయిర్ అనే మేక బొచ్చుతోనో, రెండూ కలిపో నేసిన కురచ నూగు పట్టీ. నూగంతా వెనక్కి వాలి ఉంటుంది. పిల్లి వీపును తల నుంచి తోక వైపు నిమిరితే చెయ్యి నున్నగా సాగిపోతుంది, ఎదురు నిమిరితే ఆగుతుంది. ఇదీ అంతే. ముందుకు జారుతుంది, వెనక్కి లాగితే మంచును పట్టుకుంటుంది.

కొనేవాళ్ళలో ఎక్కువమంది చేసే తప్పు వరసలో ఉంది. ముందు స్కీ నచ్చుతుంది, ఆ తర్వాత బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే అమరిక) వెతుకుతారు, చివరికి ఇంట్లో ఉన్న బూటు దానికి పట్టదని తెలుస్తుంది. అందుకే ఇక్కడ వరస తిరగేశాం: చోటు, బూటు, బైండింగ్, పొడవు, చివర్లో స్కీ.

## 1. ఏ నేల మీద నడుస్తారో తేల్చుకోండి

అతికించిన స్కిన్ ఎప్పుడూ అడుగునే ఉంటుంది, తీసి జేబులో పెట్టుకోలేం. కాబట్టి ఎక్కడానికి కావలసిన పట్టు ఎప్పుడూ దొరుకుతుంది, దానికి బదులు జారుడు ఎప్పుడూ కొంత తగ్గుతుంది. ఈ బేరం మీరు నడిచే చోటుకు గిట్టుబాటు అవుతుందా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

బాగా నప్పే చోట్లు: దట్టమైన అడవి, ఎగుడుదిగుడు గుట్టలు, ఎవరూ తొక్కని లోతైన మంచు, చలికాలంలో మూసేసిన అటవీ రోడ్లు. మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలోని పోర్కుపైన్ మౌంటెన్స్, వాషింగ్టన్ రాష్ట్రంలో కాస్కేడ్ పర్వతాల పాదాల దగ్గరి అడవులు, ఎస్పో పక్కనున్న నూక్సియో వంటివి. చెట్ల మధ్య మలుపు తిప్పాలంటే స్కీ పొట్టిగా ఉండడమే పెద్ద సుఖం.

నప్పని చోట్లు:

- యంత్రంతో గాడులు తీసిన క్రాస్ కంట్రీ ట్రాక్‌లు. ఈ స్కీలు ఆ గాడుల్లో పట్టవు, పైగా వేరేవాళ్ళ ట్రాక్ పాడవుతుంది.
- గడ్డకట్టిన సరస్సుల మీద 10, 15 కిలోమీటర్ల చదును నడక. ప్రతి అడుగుకూ స్కిన్ వెనక్కి లాగుతున్నట్టే ఉంటుంది. మీ నడకలో సగానికి పైగా చదునే అయితే అడుగున పొలుసుల గాడులున్న పొడవాటి, సన్నని స్కీ తీసుకోండి.
- లిఫ్ట్ ఎక్కి దిగే రిసార్టు వాలులు.
- గాలికి గట్టిపడి గాజులా మెరిసే పెచ్చు మంచు. అక్కడ పళ్ళున్న స్నోషూనే నయం.

మీ చోటు ఈ రెండో జాబితాలో ఉంటే ఇక్కడే ఆగిపోవడం మంచిది. కొన్నాక తెలుసుకునేకంటే ఇప్పుడు తెలుసుకోవడం చవక.

## 2. బూటు: మొత్తం నిర్ణయం దీని మీదే

ఇంట్లో ఉన్న చలికాలపు బూటును రెండు చేతుల్లోకి తీసుకోండి. ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో ముందు భాగం పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టండి. బూటు సులువుగా మెలితిరిగితే కొండవాలుకు అడ్డంగా నడిచేటప్పుడు మీ పాదం తిరుగుతుంది కానీ స్కీ తిరగదు. పాదం ఒక వైపు, స్కీ ఇంకో వైపు పోతాయి. రబ్బరు అడుగు, మెత్తటి గుడ్డ పైభాగం ఉన్న మంచు బూట్లతో ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే.

రెండో పరీక్ష వంపుది. బూటు ముందు భాగాన్ని నేలకు ఆనించి మడమ ఎత్తండి. కాలివేళ్ళ మొదట్లో, అంటే పాదం సహజంగా వంగే చోటే బూటూ వంగాలి. అసలు వంగకపోతే అడుగడుగునా మడమ బూటులోంచి లేచి రాసుకుపోతుంది. మధ్యలో, అరికాలి వంపు కింద వంగితే స్ట్రాప్ పట్టు నిలవదు.

వీటిలో ఏదో ఒకటి చాలు:

- గట్టి అడుగున్న, చీలమండ పైకి వచ్చే, నీరు దిగని ట్రెక్కింగ్ బూటు. యూనివర్సల్ బైండింగ్‌కు మంచిది. మైనస్ 10 డిగ్రీల దాకా నడుస్తున్నంతసేపూ సరిపోతుంది, ఆగితే చలి ఎక్కుతుంది.
- లోపల ఊడదీయగల ఫెల్ట్ లైనర్ ఉన్న పాక్ బూటు. మినెసోటా, లాప్‌లాండ్ చలికి ఇదే. మెలిపెట్టే పరీక్షలో కొంచెం ఓడినా చదునుకూ, చిన్న గుట్టలకూ సరిపోతుంది.
- 75 మిల్లీమీటర్ల మూడు పిన్నుల తోలు స్కీ బూటు. ముందు బాతుముక్కులా పొడుచుకు వచ్చి, దాని అడుగున మూడు రంధ్రాలు ఉంటాయి. స్కీ మీద అదుపు కావాలంటే దీన్ని మించింది లేదు.

బూటు వేసి చూసేటప్పుడు మీరు నిజంగా వేసుకోబోయే సాక్సుతోనే చూడండి. ఒక పలచటి సాక్సు, దాని మీద ఉన్ని సాక్సు. వేళ్ళు కదలాలి. వేళ్ళు బిగుసుకున్న బూటులో ఉన్ని ఎంత మందంగా ఉన్నా కాలు గడ్డకడుతుంది, రక్తం ఆడితేనే వెచ్చదనం.

## 3. బైండింగ్: మూడు దారులు

యూనివర్సల్ స్ట్రాప్ బైండింగ్. కింద వంగే పలక, పైన వేళ్ళ మీదుగా ఒక స్ట్రాప్, మడమ చుట్టూ ఇంకొకటి. దాదాపు ఏ బూటైనా పడుతుంది, ఇంట్లో ఇద్దరు ఒకే జత పంచుకోవచ్చు. మొదటిసారి కొనేవాళ్ళకు మేం చెప్పేది ఇదే. లోటు ఒక్కటే, పక్క వాలు మీద అంచు ఆనించే శక్తి తక్కువ.

75 మిల్లీమీటర్ల మూడు పిన్నులు. తేలిక, విరిగే భాగాలు తక్కువ. పిన్నులు బూటు రంధ్రాల్లో కూర్చోవాలి, పై కొక్కెం కిందికి నొక్కాలి. కుడి, ఎడమ వేర్వేరు, బైండింగ్ మీద గుర్తు ఉంటుంది. దిగుడు ఎక్కువుంటే మడమ వెనక్కి కేబుల్ వచ్చే రకం తీసుకోండి. కేబుల్ వల్ల అదుపు పెరగడమే కాదు, బూటు రంధ్రాలు చిరిగిపోకుండానూ ఉంటాయి.

ఎన్ఎన్ఎన్ బీసీ (బీసీ అంటే బ్యాక్‌కంట్రీ, ట్రాక్ లేని చోట్లకు చేసిన రకం). బూటు ముందు అడుగున ఒక అడ్డ కడ్డీ, దాన్ని పట్టే కొక్కెం. సన్నని స్కీల మీద బాగుంటుంది. 110 మిల్లీమీటర్ల వెడల్పున్న స్కీ మీద మాత్రం ఆ ఒక్క కడ్డీ మీదే మెలికంతా పడుతుంది, కాబట్టి పొట్టి వెడల్పు స్కీకి దీన్ని వద్దంటాం. ఇంకో చిక్కు: మామూలు ఎన్ఎన్ఎన్ బూటు బీసీ బైండింగ్‌లో పట్టదు, బీసీ బూటు మామూలు దానిలో పట్టదు. పేరు ఒకేలా ఉందని మోసపోవద్దు.

గట్టిగా గుర్తుంచుకోవలసిన సంగతి: యూనివర్సల్ అయినా, మూడు పిన్నులైనా, పడినప్పుడు ఇవి వాటంతట అవి ఊడవు. రిసార్టు స్కీలో కాలు మెలిపడితే బైండింగ్ వదిలేస్తుంది. ఇక్కడ వదలదు, ఆ మెలిక మోకాలికి పోతుంది. అందుకే ఈ స్కీల మీద వేగం మీరు నడుచుకుంటూ ఆపగలిగేంత మాత్రమే ఉండాలి.

## 4. పొడవు: మీ బరువు కాదు, మొత్తం బరువు

మామూలు స్కీలకు ఎత్తు చూస్తారు. వీటికి మంచు మీద పడే మొత్తం బరువు చూడాలి. లెక్క ఇలా వేయండి:

ఒంటి బరువు 72 కేజీలు
బట్టలు, బూట్లు 5 కేజీలు
నీళ్ళు, తిండి, సామానుతో సంచి 8 కేజీలు
మొత్తం 85 కేజీలు

అద్దంలో 72 కేజీల మనిషి కనిపిస్తాడు, మంచుకు 85 కేజీల మనిషి తగులుతాడు. మా లెక్క ఇది:

- మొత్తం 70 కేజీల లోపు: 125 లేదా 127.
- మొత్తం 80 కేజీలు దాటితే: 145 లేదా 147.
- మధ్యలో ఉంటే: పొదలు, ఇరుకు అడవి అయితే పొట్టిది, తెరిపి నేల, లోతైన పొడి మంచు అయితే పొడవుది.

కంపెనీ తన మోడల్‌కు బరువు పట్టిక ఇస్తే దాన్నే నమ్మండి, మా అంకెలు పట్టిక లేనప్పటికి. రాత్రి గుడారంలో ఉండే ప్రయాణమైతే సంచి 15 కేజీలు దాటుతుంది, అప్పుడు లెక్క మళ్ళీ వేయాలి.

తక్కువ పొడవు కొంటే ఏమవుతుంది? కొలరాడోలో పడే తేలికైన పొడి మంచులో మోకాలి దాకా దిగిపోతారు. అంత దిగాక స్కిన్ జారదు, ప్రతి అడుగూ ఎత్తి వేయాలి. ఎక్కువ పొడవు కొంటే మలుపుల్లో తోక చెట్టుకు తగులుతుంది, ముక్కు పొదలో ఇరుక్కుంటుంది. రెండిట్లో మొదటిది ఎక్కువ అలిసిపోయేలా చేస్తుంది కాబట్టి, అనుమానంగా ఉంటే పొడవు వైపే మొగ్గండి.

ఓఏసీ వాళ్ళ 160 సెంటీమీటర్ల రకం నడుము సన్నగా ఉంటుంది, జారుడు ఎక్కువ. స్కీయింగ్ కొంచెం వచ్చినవాళ్ళకూ, చదును ఎక్కువున్న చోటుకూ అది వేరే దారి.

## 5. దుకాణంలో చేత్తో చూడాల్సినవి

వీలైతే కొనేముందు ఒక రోజు అద్దెకు తీసుకుని నడవండి. ఆ తర్వాత కొనేటప్పుడు స్కీని తిరగేసి, వెలుతురులో పెట్టి, ఈ వరసలో చూడండి.

స్కిన్ అంచు. స్కిన్ అడుగు పలకతో సమంగా, గాడిలో కూర్చుని ఉండాలి. ముందు అంచు దగ్గర బొటనవేలి గోరు పెట్టి మెల్లగా నెట్టండి. గోరు లోపలికి దూరితే మంచూ దూరుతుంది. అక్కడ మంచు చేరి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి ఆ అంచును రోజుకు కొంచెం చొప్పున లేపుతుంది. స్కిన్ ఊడడం సాధారణంగా ముందు అంచు నుంచే మొదలవుతుంది.

నూగు వాలు. అరచేత్తో ముక్కు నుంచి తోకకు రాయండి, నున్నగా ఉండాలి. తోక నుంచి ముక్కుకు రాస్తే గరుకు తగలాలి. రెండు స్కీలనూ చూడండి.

నూగు రకం. మోహెయిర్ బాగా జారుతుంది, త్వరగా అరుగుతుంది. నైలాన్ పట్టు ఎక్కువ, ఎక్కువ కాలం ఉంటుంది, జారుడు తక్కువ. రాళ్ళు, వేర్లు తేలిన పలచటి మంచులో నడిచేవాళ్ళకు నైలాన్ లేదా కలిపిన రకం.

స్టీలు అంచులు. ముక్కు నుంచి తోక దాకా పూర్తిగా ఉన్నాయా చూడండి. గట్టి మంచు మీద పక్కకు జారకుండా ఆపేవి అవే.

లోపలి మరల గూళ్ళు. చాలా మోడళ్ళలో బైండింగ్ బిగించడానికి లోహపు గూళ్ళు ముందే ఉంటాయి. అవి మీరు అనుకున్న బైండింగ్ రంధ్రాలతో సరిపోతాయా అన్నది అడగకండి, బైండింగ్‌ను స్కీ మీద పెట్టి చూడండి.

పాత జత కొంటుంటే ఇంకో మూడు చూడాలి: పాదం కింద నూగు రాలి బట్టతల పడిందా, పై పలకలో పాత రంధ్రాలు పూడ్చకుండా ఉన్నాయా (నీరు దిగి లోపలి కర్ర ఉబ్బుతుంది), అంచు ఎక్కడైనా పలక నుంచి విడిపోయిందా. మూడింట్లో ఏది కనిపించినా వదిలేయండి.

## 6. బైండింగ్ బిగించడం

గూళ్ళున్న స్కీకి అరగంట పని.

1. గూళ్ళలో దుమ్ము, ప్లాస్టిక్ తురుము లేకుండా ఊదండి.
2. స్కీతోనో, బైండింగ్‌తోనో ఇచ్చిన మరలే వాడండి. వాటికంటే పొడవైన మర అడుగు దాకా దిగి పలకను బుడిపెలా పైకి నెడుతుంది. ఆ బుడిపె స్కిన్ కింద వస్తే ఇక సరిచేయలేరు.
3. యూనివర్సల్ బైండింగ్ అయితే బకిల్స్ బయటి వైపు ఉండేలా కుడి, ఎడమ నిర్ణయించుకోండి. లోపలి వైపు ఉంటే నడకలో ఒకదాన్ని ఒకటి పట్టుకుని మిమ్మల్ని పడేస్తాయి.
4. మరలన్నీ చేత్తో రెండు చుట్లు తిప్పాక, ఎదురెదురు మూలల వరసలో కొంచెం కొంచెంగా బిగించండి. డ్రిల్ మిషన్ వాడకండి, గూడు పలక నుంచి ఊడి వస్తుంది.
5. బూటు పెట్టి మడమ ఎత్తండి. పాదం వంగే గీత, బైండింగ్ పలక వంగే గీత ఒకదాని మీద ఒకటి రావాలి.
6. మొదటి నడక అయ్యాక మరలు మళ్ళీ బిగించండి. మొదటి రోజు అవి కొంచెం వదులవ్వచ్చు.

గూళ్ళు లేని స్కీకి రంధ్రం వేయాలంటే లోతు, వ్యాసం రెండూ ఖచ్చితంగా ఉండాలి. లోహపు పొర లేని స్కీకి సాధారణంగా 3.6, ఉన్నదానికి 4.1 మిల్లీమీటర్ల బిట్ వాడతారు, లోతు 9 మిల్లీమీటర్ల దగ్గర ఆపే కాలర్‌తో. మూడు పిన్నుల బైండింగ్ అయితే పిన్నుల వరస స్కీ తూకపు బిందువు మీద పడాలి. మర తలకు పోజిడ్రైవ్ 3 స్క్రూడ్రైవర్ కావాలి, మామూలు ఫిలిప్స్ పెడితే గాడి చెడిపోతుంది. ఆ కాలర్ బిట్, ఆ స్క్రూడ్రైవర్ లేకపోతే స్కీ దుకాణంలో వేయించండి.

## 7. కర్రలు

పొడవు మార్చుకోగల ట్రెక్కింగ్ కర్రలు చాలు, అడుగున మంచు బుట్ట మాత్రం 9, 10 సెంటీమీటర్ల వెడల్పుది ఉండాలి. వేసవి కర్ర చిన్న బుట్టతో మంచులోకి మోచేతి దాకా దిగుతుంది. చదునులో చంకకు ఒక అరచెయ్యి వెడల్పు కిందికి వచ్చేలా, ఎక్కేటప్పుడు 5, 10 సెంటీమీటర్లు తగ్గించి, దిగేటప్పుడు అంతే పెంచి వాడండి.

## 8. మొదటి రోజు ఏ వరసలో

దిగి వచ్చే దారి తెలిసిన, వాలు తక్కువున్న చోట 2, 3 కిలోమీటర్లు చాలు. వాషింగ్టన్‌లో స్నో పార్కులో (చలికాలంలో మంచు తీసి ఉంచే పార్కింగ్ స్థలం) కారు నిలిపితే దాని పర్మిట్ ముందే తీసుకోవాలి.

1. స్కీలను చల్లబరచండి. వెచ్చని కారులోంచి తీసి నేరుగా మంచు మీద పెట్టకండి. వెచ్చని స్కిన్ మంచును కరిగిస్తుంది, ఆ తడి మళ్ళీ గడ్డకట్టి ఉండలు కడుతుంది. 20 నిమిషాలు బయట నీడలో నిలబెట్టండి, ఈలోగా బూట్లు, గెయిటర్లు (బూటులోకి మంచు దూరకుండా పిక్కకు చుట్టే తొడుగులు) వేసుకోవచ్చు.
2. స్కీ ఎత్తకండి, తోయండి. స్నోషూ అలవాటున్నవాళ్ళు ప్రతి అడుగూ ఎత్తుతారు. మడమ మాత్రమే లేవాలి, స్కీ మంచును వదలకుండా ముందుకు సాగాలి. గుడిలో ప్రదక్షిణకు పాదాలు ఈడ్చుకుంటూ నడిచినట్టు.
3. ఎక్కేటప్పుడు బరువు మడమ మీద. వాలు చూడగానే ఒళ్ళు ముందుకు వంగుతుంది. వంగితే బరువు ముక్కు మీదికి పోతుంది, మధ్యలోని స్కిన్ మీద ఒత్తిడి తగ్గి వెనక్కి జారతారు. నిటారుగా నిలబడి, చిన్న అడుగులు వేయండి.
4. నిటారు వాలును అడ్డంగా కోయండి. జిగ్‌జాగ్‌గా ఎక్కండి. స్కీ అడుగును వీలైనంత చదునుగా మంచుకు ఆనించండి, స్కీని పక్కకు ఒరగేస్తే అంచు ఒక్కటే తగులుతుంది, స్కిన్ గాలిలో ఉండిపోతుంది.
5. దిగేటప్పుడు ముందే ఆగడం నేర్చుకోండి. మడమలు బయటికి తోసి, ముక్కులు దగ్గరికి తెచ్చి నాగలి ఆకారం చేయడం. ఇది పది మీటర్ల వాలు మీద పదిసార్లు వచ్చాకే పెద్ద వాలు. రాకపోతే పక్కకు తిరిగి మెట్టు మెట్టుగా దిగండి.
6. స్కీలు విప్పితే తోకను మంచులో నిలువుగా గుచ్చండి. వీటికి బ్రేకులు ఉండవు. స్కిన్ ముందుకు జారనిస్తుందని మరవకండి, వాలు మీద ముక్కు కిందికి పెట్టి వదిలిన స్కీ అడవిలోకి వెళ్ళిపోతుంది.

విప్పి నడవాల్సి వస్తే వేరే స్కీ జాడ మీద కాకుండా పక్కన నడవండి. బూటు గుంటలు గడ్డకట్టాక తర్వాత వచ్చేవాళ్ళు పడతారు.

## 9. వచ్చే చిక్కులు, వాటికి మందు

### స్కిన్‌కు మంచు అంటుకోవడం

అన్నిటికంటే ఎక్కువమందిని వెనక్కి పంపేది ఇదే. ఎండలో తడి మంచు మీద నడుస్తారు, నూగు తడుస్తుంది. అక్కడి నుంచి చెట్ల నీడలో చల్లని పొడి మంచులోకి వెళ్ళగానే ఆ తడికి పొడి అతుక్కుంటుంది. నాలుగడుగుల్లో నిమ్మకాయంత, ఇరవై అడుగుల్లో కొబ్బరికాయంత. స్కీ జారడం మానేస్తుంది, కాలికి ఒక్కో కేజీ బరువు తోడవుతుంది, పాదం ఒక పక్కకు ఒరుగుతుంది.

దారిలో: ఆగండి, స్కీ విప్పండి. ప్లాస్టిక్ గీకుడు ముక్కతో, లేకపోతే పాత బ్యాంకు కార్డుతో, ముక్కు నుంచి తోక వైపే గీకండి. ఎదురు గీకితే నూగు కుదుళ్ళతో సహా వస్తుంది. నూగు కనిపించాక స్కిన్ మైనపు బిళ్ళను అదే దిశలో గట్టిగా రుద్దండి. మైనం పైన తెల్లగా కనిపిస్తే సరిపోయినట్టే. నేలకు స్కీ కొట్టి దులిపితే పైపై మంచు పోతుంది, తడి పోదు, నాలుగడుగుల్లో మళ్ళీ కడుతుంది.

ముందు జాగ్రత్త: ముందు రోజు రాత్రి పూర్తిగా ఆరిన స్కిన్‌కు మైనం రుద్దండి. తడి స్కిన్‌కు మైనం పట్టదు. ఎండ నుంచి నీడలోకి మారే చోట్లలో ఆగకుండా నడవండి, నిలబడ్డప్పుడే ఎక్కువ అంటుతుంది.

మినెసోటా బౌండరీ వాటర్స్ వంటి సరస్సుల మీద ఇంకో రకం ఉంది. పైన పొడి మంచు కనిపిస్తుంది, దాని కింద, మంచుగడ్డ మీదికి ఊరిన నీరు బురదలా ఉంటుంది. స్కీ అందులోకి దిగి పైకి వచ్చిన క్షణాల్లో స్కిన్ గాజులా గడ్డకడుతుంది. బూడిద రంగు మరక కనిపిస్తే చుట్టు తిరిగి వెళ్ళండి. దిగిపోతే వెంటనే గట్టి చోటికి వచ్చి, గడ్డకట్టకముందే గీకండి.

### ఎక్కేటప్పుడు వెనక్కి జారడం

ముందు నిలబడే తీరు చూసుకోండి (8లో 3వది). అది సరిగ్గా ఉన్నా జారితే మైనం ఎక్కువై నూగు పడుకుందేమో చూడండి. పొడిబట్టతో, నూగు వాలు దిశలోనే, గట్టిగా తుడవండి. అప్పటికీ జారితే ఆ వాలు స్కిన్ శక్తికి మించింది, జిగ్‌జాగ్ కోణం తగ్గించండి.

### ముందుకు జారకపోవడం

స్కిన్ లేని ముక్కు, తోక భాగాలకు గ్లైడ్ మైనం, అంటే జారుడు పెంచే మైనం, పూయలేదని అర్థం. బిళ్ళతో రుద్దే రకమో, ద్రవమో వాడండి. వేడి ఇస్త్రీతో పూసే మైనం వద్దు, ఆ వేడి స్కిన్ జిగురును కరిగిస్తుంది, కరిగిన మైనం నూగులోకి పాకుతుంది.

### మడమ పక్కకు పడిపోవడం

మడమ స్ట్రాప్ వదులు. చలికి స్ట్రాప్ బిగుసుకుంటుంది, బూటు మీది మంచు కరిగితే వదులవుతుంది. బయల్దేరిన 10 నిమిషాలకు ఒకసారి, భోజనం తర్వాత ఇంకోసారి బిగించండి.

### మూడు పిన్నులు కూర్చోకపోవడం

బూటు రంధ్రాల్లో మంచు గడ్డకట్టి ఉంటుంది. చిన్న మేకుతోనో, కత్తి మొనతోనో తీయండి. తీయకుండా కొక్కెం బలవంతంగా నొక్కితే రంధ్రాలు కోసుకుపోతాయి, ఆ బూటు ఇక పనికిరాదు.

## 10. మంచు చరియలు: స్కీ ఎక్కడానికి పట్టినంత మాత్రాన వాలు సురక్షితం కాదు

నిటారు వాలు మీదికి కూడా ఈ స్కిన్ సులువుగా ఎక్కిస్తుంది, ప్రమాదమూ అక్కడే. పలకలుగా విరిగే మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద కదులుతాయి. మీరు చదునులో ఉన్నా పైనున్న వాలు మీ మీదికి రావచ్చు. సియాటిల్ వాళ్ళకు తెలిసిన గోల్డ్ క్రీక్ చెరువు చుట్టూ నేల చదునే, లోయలో ఇంకా పైకి వెళ్తే రెండు పక్కల నుంచి చరియలు దిగే దారులున్నాయి.

బైండింగ్ ఊడదు కాబట్టి చరియలో చిక్కితే స్కీలు కాళ్ళను కిందికి లాగుతాయి. ఈ స్కీలతో మా హద్దు ఇది: పైన గానీ, కింద గానీ 30 డిగ్రీలు, అంతకు మించిన వాలుకు తగిలే దారిలోకి వెళ్ళొద్దు.

- బయల్దేరే ఉదయం ఆ ప్రాంతపు చరియల హెచ్చరిక చదవండి. వాషింగ్టన్‌లో నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్, కొలరాడోలో కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్, లాప్‌లాండ్‌కు ఫిన్లాండ్ వాతావరణ సంస్థ ఇస్తాయి.
- ఫోన్‌లో వాలు కోణం చూపే మ్యాప్ ముందే దింపుకోండి. అడవిలో సిగ్నల్ ఉండదు.
- ఆ హద్దు దాటాలనుకుంటే ప్రతి ఒక్కరి దగ్గరా బీకన్ (మంచు కింద చిక్కినవాళ్ళ జాడ చెప్పే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మూడూ ఉండాలి, వాటితో వెతకడంలో శిక్షణా ఉండాలి. వస్తువు ఉండి వాడడం రాకపోతే లేనట్టే.

## 11. సంచిలో

- స్కిన్ మైనపు బిళ్ళ, ప్లాస్టిక్ గీకుడు ముక్క
- మీ మరలకు సరిపోయే స్క్రూడ్రైవర్, రెండు అదనపు మరలు
- రెండు రబ్బరు స్ట్రాప్‌లు, నాలుగు జిప్ టైలు (తెగిన మడమ స్ట్రాప్‌కు ఇవే దిక్కు)
- కర్రకు చుట్టిన రెండు మీటర్ల డక్ట్ టేపు
- హెడ్‌ల్యాంప్, ఫ్లాస్కులో వేడినీళ్ళు, అదనపు చేతి తొడుగులు, ఆగినప్పుడు వేసుకోవడానికి దళసరి జాకెట్
- కాగితం మ్యాప్

## 12. ఇంటికొచ్చాక

మంచు దులిపి, బట్టతో తుడిచి, గది వేడిలో అడుగు బయటికి కనిపించేలా నిలబెట్టండి. హీటర్ పక్కన, ఫైర్‌ప్లేస్ దగ్గర పెట్టొద్దు, జిగురు మెత్తబడి స్కిన్ అంచు లేస్తుంది. రెండు స్కీల అడుగులనూ కలిపి కట్టి తడిగా వదిలేస్తే అంచులు ఒక్క రాత్రిలోనే తుప్పు పడతాయి. పట్టిన తుప్పును తుప్పు రబ్బరుతో రుద్ది తీయండి.

స్కిన్ మీద చెట్ల బంక అంటితే గోరువెచ్చని నీళ్ళలో తడిపి పిండిన బట్టతో, నూగు వాలు దిశలో తుడవండి. బేస్ క్లీనర్ ద్రవాలు స్కిన్ మీద పోయకండి, అవి జిగురులోకి దిగుతాయి. ముందు అంచు ఏ మాత్రం లేచినా ఆ వారమే, పూర్తిగా ఆరాక, చలికి పెళుసెక్కని మెత్తటి జిగురుతో అతికించి, పైన బరువు పెట్టి 24 గంటలు వదలండి.

సీజన్ చివర్లో స్ట్రాప్‌లు వదులు చేసి, మరలు ఒకసారి చూసి, స్కిన్ పూర్తిగా ఆరాక సంచిలో పెట్టి ఎండ పడని గదిలో ఉంచండి. కారు డిక్కీలో వేసవంతా వదిలేసిన స్కీకి అక్టోబరులో స్కిన్ అంచు చూడకుండా బయల్దేరకండి.